కోల్ పామర్ కెరీర్‌ను ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్‌లో చదివితే: ఆ సేవపై ఒక సమీక్ష

ఇంగ్లండ్ యువ ఫుట్‌బాలర్ ఒకరి కెరీర్‌ను అకాడమీ రోజుల నుంచి నేటి వరకు ఒకే చోట, పైసా ఖర్చు లేకుండా చూడాలనుకునేవారికి ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ అనే ఫుట్‌బాల్ వెబ్‌సైటును మించిన సేవ నాకు తెలిసినంతలో లేదు. అయినా చాలామంది ఆ సైటును చదవవలసిన తీరులో చదవడం లేదన్నది నా అభిప్రాయం. ఆటగాడి పేజీ తెరవగానే పెద్ద అక్షరాలతో కనిపించే మార్కెట్ విలువను చూసి, గ్రాఫు పైకి పోతోందా కిందికి దిగుతోందా అని ఒక చూపు చూసి, అక్కడితో ఆ ఆటగాడి సంగతి తెలిసిపోయిందనుకుంటారు. నిజానికి ఆ పేజీలో అన్నింటికంటే బలహీనమైన సమాచారం ఆ విలువే. అన్నింటికంటే గట్టిది మ్యాచ్‌ల పట్టికలో కుడివైపు చివరన, ఎవరి కంటా పెద్దగా పడకుండా ఉండే, ఆటగాడు ఎంతసేపు మైదానంలో ఉన్నాడో చెప్పే నిమిషాల గడి. ఈ మాట ఊరికే చెబితే సరిపోదు కాబట్టి, ఈ తరం ఇంగ్లిష్ ఆటగాళ్లలో నేను ఎంతో ఇష్టంగా గమనిస్తూ వచ్చిన కోల్ పామర్ పేజీని ఆధారంగా తీసుకుని ఈ సేవను పరిశీలిస్తాను.

ముందుగా సేవ గురించి నాలుగు మాటలు. మథియాస్ సైడెల్ అనే జర్మన్ అభిమాని తన అభిమాన జట్టు వెర్డర్ బ్రెమెన్‌కు సంబంధించిన బదిలీ వార్తలను ఒకచోట చేర్చుకోవాలన్న ఉద్దేశంతో 2000 సంవత్సరంలో దీన్ని మొదలుపెట్టాడు. 2008లో జర్మన్ ప్రచురణ సంస్థ ఆక్సెల్ స్ప్రింగర్ ఇందులో 51 శాతం వాటా కొన్నది. ఈనాడు ఏ బదిలీ వార్తలో చూసినా ఆటగాడి విలువ పేరుతో కనిపించే అంకె చాలా సందర్భాల్లో ఇక్కడి నుంచి తీసుకున్నదే. అభిమానులు పోగుచేసిన సమాచారంతో మొదలై ఇంత దూరం వచ్చిన సేవ కాబట్టి, దాని బలమూ బలహీనతా రెండూ ఆ పుట్టుకలోనే ఉన్నాయి.

పామర్ పేజీ పైభాగంలో ఉండే వివరాలు సూటిగా ఉంటాయి. 2002 మే 6న మాంచెస్టర్‌లో పుట్టాడు, ఎడమ కాలితో ఆడతాడు, చెల్సీతో ఒప్పందం 2033 వేసవి దాకా ఉంది. వాటి కింద యువ జట్ల వరుస ఉంటుంది. వైథెన్‌షాలోని పిల్లల జట్టు నుంచి, అండర్-8 వయసులోనే మాంచెస్టర్ సిటీ అకాడమీలో చేరిన పిల్లవాడు ఇరవయ్యొకటో ఏట వరకు మరో క్లబ్బు గడప తొక్కలేదన్న సంగతి ఇక్కడ ఒక్క చూపులో తెలుస్తుంది. బదిలీల చరిత్రలో లోన్ (మరో క్లబ్బుకు తాత్కాలికంగా పంపడం) అన్న మాట ఎక్కడా లేదు. ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్బుల అకాడమీ కుర్రాళ్లలో అనేకమంది రెండో శ్రేణికో మూడో శ్రేణికో ఒకటి రెండు సీజన్లు లోన్‌పై వెళ్లి వస్తారు. ఆ మెట్టు ఎక్కకుండానే నేరుగా మరో పెద్ద క్లబ్బులో ప్రధాన ఆటగాడైన పామర్ వంటి వారు అరుదు. ఒక పేజీలో లేని మాట కూడా ఇంత చెప్పగలగడం ఆ సేవ నిర్మాణంలోని మంచితనమే.

యువజన పోటీల సమాచారాన్ని సైతం వదలకుండా నమోదు చేయడం ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్‌కు నేను ఇచ్చే అతి పెద్ద ప్రశంస. ప్రీమియర్ లీగ్ అధికారిక సైటులో సీనియర్ లీగ్ మ్యాచ్‌లు దొరుకుతాయి. కానీ అండర్-18 లీగు, అండర్-23 జట్ల లీగు, యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఏఫా నడిపే యూత్ లీగు, ఎఫ్ఏ యూత్ కప్పు, సీనియర్ పోటీలు అన్నీ ఒకే ఆటగాడి పేరు కింద వరుసగా కనిపించే చోటు సామాన్య పాఠకుడికి వేరే లేదు. సీజన్ మార్చే చిన్న పెట్టె నొక్కుతూ వెనక్కి వెళితే, 2020లో సిటీ అండర్-18 జట్టు గెలిచిన ఎఫ్ఏ యూత్ కప్పు ఫైనల్ కనబడుతుంది. కరోనా వల్ల నవంబరుకు వాయిదా పడిన ఆ ఫైనల్లో సిటీ 3-2తో గెలిచింది. కెప్టెన్ పామర్. గెలుపు గోల్ కొట్టినదీ పామరే. ఓడిన జట్టు చెల్సీ!

ఈ పట్టికలో నాకు అత్యంత ప్రీతిపాత్రమైన చోటు 2021 అక్టోబరు 16. ఆ రోజు మధ్యాహ్నం సిటీ సీనియర్ జట్టు సొంత మైదానం ఎతిహాద్‌లో బర్న్‌లీతో ప్రీమియర్ లీగ్ మ్యాచ్ ఆడింది. పామర్ చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. అదే రోజు, కొద్ది గంటల తేడాతో, వంతెన దాటితే వచ్చే అకాడమీ స్టేడియంలో అండర్-23 జట్టు తరఫున లెస్టర్ కుర్రాళ్లపై హ్యాట్రిక్ చేశాడు. ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్‌లో రెండు వేర్వేరు పోటీల కింద ఒకే తేదీ రెండుసార్లు ఉంటుంది. మొదటి దాని పక్కన కొద్దిపాటి నిమిషాలు, రెండో దాని పక్కన మూడు గోల్స్. మరో మూడు రోజులకు, అక్టోబరు 19న, ఛాంపియన్స్ లీగ్‌లో క్లబ్ బ్రూగ్‌పై సబ్‌స్టిట్యూట్‌గా దిగిన కొద్దిసేపటికే గోల్ కొట్టాడు. సిటీ 5-1తో గెలిచింది. పందొమ్మిదేళ్ల కుర్రాడు పెద్దల ఆటకు సిద్ధంగా ఉన్నాడనీ, పెద్దల జట్టులో మాత్రం అతనికి చోటు ఖాళీగా లేదనీ ఈ మూడు వరుసలు చెప్పినంత స్పష్టంగా వ్యాసాలు సైతం చెప్పలేవు. ఆ రోజుల్లో ఎవరైనా ఈ నిమిషాల గడిని శ్రద్ధగా చదివి ఉంటే, తరువాత జరిగినదానికి ఆశ్చర్యపడి ఉండేవారు కాదు.

ఇప్పుడు అదే పేజీలోని విజయాల జాబితాకు వెళ్దాం. 2022-23లో సిటీ ప్రీమియర్ లీగ్, ఎఫ్ఏ కప్పు, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచింది కాబట్టి పామర్ పేరు కింద ఆ బంగారు గుర్తులు వరుసగా మెరుస్తూ ఉంటాయి. ఆ జట్టు ప్రధాన స్ట్రయికర్ హాలండ్ పేజీలోనూ అవే గుర్తులు, అదే పరిమాణంలో ఉంటాయి. కానీ ఆ సీజన్లో పామర్ ప్రీమియర్ లీగ్‌లో ఆడినవి 14 మ్యాచ్‌లు, వాటిలో ఆరంభం నుంచి దిగినవి రెండే. ఇస్తాంబుల్‌లో ఇంటర్ మిలాన్‌తో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో అతను మైదానంలోకి దిగనే లేదు. యువ ఆటగాడి విషయంలో ట్రోఫీల జాబితా ఎంతగా తప్పుదారి పట్టిస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఈ జాబితాను నిమిషాలతో జోడించి, ఆ కప్పు గెలుపులో ఆటగాడు ఎంతసేపు ఆడాడో పక్కనే చూపించే ఏర్పాటు ఉంటే ఈ సేవ ఎంతో మెరుగుపడుతుంది. సమాచారమంతా వారి దగ్గరే ఉంది, కలిపి చూపించడమే లేదు.

సిటీ తరఫున పామర్ మొత్తం లెక్క 41 మ్యాచ్‌లు, 6 గోల్స్. ప్రీమియర్ లీగ్‌లో ఒక్క గోల్ కూడా లేదు. ఈ రెండు వాక్యాలు మాత్రమే చదివినవారికి 2023 సెప్టెంబరు 1న చెల్సీ అతని కోసం సుమారు 4 కోట్ల పౌండ్లు, దానిపై షరతులతో కూడిన మరో 25 లక్షల పౌండ్లు ఎందుకు ఒప్పుకుందో అర్థం కాదు. అప్పట్లో ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ చూపిన మార్కెట్ విలువ ఆ ధరకు చాలా కిందే ఉంది. నిమిషాలు లేని ఆటగాడికి విలువ కట్టడం ఈ సేవకు చేతకాదు. అభిమానుల చర్చ చూసిన ఆటపైనే నడుస్తుంది, చూడని ఆటపై నడవదు. అయితే ఆ వేసవి వరుసలను మాత్రం పేజీ నిజాయతీగా పట్టుకుంది. జులైలో జార్జియాలో ఇంగ్లండ్ అండర్-21 యూరో కప్పు గెలిచిన జట్టులో పామర్ ఉన్నాడు. ఆగస్టు 6న ఆర్సెనల్‌పై కమ్యూనిటీ షీల్డ్‌లో గోల్ కొట్టాడు. ఆగస్టు 16న సెవియాపై సూపర్ కప్పులో తలతో బంతిని గోల్‌లోకి పంపి స్కోరు సమం చేశాడు. రియాద్ మహ్రెజ్ సౌదీకి వెళ్లిపోవడంతో కుడివైపు చోటు తెరుచుకున్నట్టే కనిపించింది గానీ, ఆగస్టు చివర్లో సిటీ జెరెమీ డోకును కొనడంతో ఆ దారి మళ్లీ ఇరుకైంది. సుమారు వారం తరువాత పామర్ లండన్‌లోని చెల్సీకి చేరాడు.

బదిలీ చరిత్రలో ఈ ఒప్పందం ఒక తేదీ, రెండు క్లబ్బుల గుర్తులు, ఒక ధరగా మాత్రమే కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న లెక్క అక్కడ కనిపించదు, కానీ యువ ఇంగ్లిష్ ఆటగాళ్ల కెరీర్‌లను ఈనాడు మలుపు తిప్పుతున్నది ఆ లెక్కే కాబట్టి దాన్ని చెప్పుకోవాలి. పామర్ బదిలీ నాటి ప్రీమియర్ లీగ్ ఆర్థిక నిబంధనల ప్రకారం క్లబ్బు మూడేళ్లలో గరిష్ఠంగా 10.5 కోట్ల పౌండ్ల నష్టాన్ని మాత్రమే చూపగలిగేది. బయట నుంచి కొన్న ఆటగాడిని అమ్మితే, అతని కొనుగోలు ధరలో ఇంకా ఖాతాలో మిగిలి ఉన్న భాగాన్ని తీసివేసి మిగిలినదే లాభంగా రాసుకోవాలి. సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడికి కొనుగోలు ధర అంటూ ఉండదు కాబట్టి, అమ్మకం సొమ్మంతా ఆ ఏడాదే లాభంగా ఖాతాలోకి వస్తుంది. క్లబ్బుకు ఎంత ఇష్టమైన కుర్రాడైనా, లెక్కల గదిలో అతడే అందరికంటే ముందు అమ్ముడుపోదగినవాడుగా కనిపిస్తాడు. కొనే వైపు మరో లెక్క ఉంది. ధరను ఒప్పంద కాలమంతా పంచి ఖాతాలో రాసుకోవచ్చు కాబట్టి ఆ రోజుల్లో చెల్సీ తన ఆటగాళ్లకు చాలా దీర్ఘమైన ఒప్పందాలు ఇచ్చింది. 2023లో మొదట యూఏఫా, తరువాత ప్రీమియర్ లీగ్ ఈ పంపకాన్ని ఐదేళ్లకు పరిమితం చేశాయి. పామర్‌కు మొదట ఏడేళ్ల ఒప్పందం ఇచ్చి, 2024 ఆగస్టులో దాన్ని పొడిగించి 2033 దాకా తీసుకెళ్లారు. ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్‌లో ఈ ఒప్పంద తేదీలు ఉంటాయి. వాటి అర్థం తెలిసినవారికే అవి ఉపయోగపడతాయి.

చెల్సీలో తొలి సీజన్ పట్టిక చూస్తే, ఒక ఆటగాడికి నిమిషాలు దొరికితే ఏమవుతుందో ఇంకెవరూ వివరించనక్కర లేదు. 2023 అక్టోబరు 7న బర్న్‌లీపై పెనాల్టీతో మొదటి ప్రీమియర్ లీగ్ గోల్ వచ్చింది. సీజన్ ముగిసేసరికి లీగ్‌లో 22 గోల్స్, 11 అసిస్టులు (సహచరుల గోల్స్‌కు బంతి అందించడం). ప్రీమియర్ లీగ్ ఉత్తమ యువ ఆటగాడి పురస్కారమూ, వృత్తి ఫుట్‌బాలర్ల సంఘం ఇచ్చే యువ ఆటగాడి పురస్కారమూ అతనికే దక్కాయి. 22లో 9 పెనాల్టీలని విమర్శకులు ఆనాడే అన్నారు. ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ సమగ్ర పట్టికలో పెనాల్టీ గోల్స్‌కు వేరే గడి ఉంటుంది కాబట్టి ఆ విమర్శను పాఠకుడు తనంతట తానే తూచుకోవచ్చు. తీసివేసినా 13 మిగులుతాయి. దాడిలో ముందు నిలబడే స్ట్రయికర్ కాని ఇరవయ్యొక్క ఏళ్ల ఆటగాడికి, అంతకుముందు లీగ్‌లో ఒక్క గోల్ కూడా లేనివాడికి, అది ఘనమైన సంఖ్య. పైగా పెనాల్టీ కొట్టే బాధ్యతను కొత్త క్లబ్బులో మొదటి నెలల్లోనే ఒక కుర్రాడి చేతిలో పెట్టారంటే దాన్ని తగ్గించి చెప్పడానికి నేను ఒప్పుకోను.

అయితే ఇదే సీజన్లోని రెండు మ్యాచ్‌లు ఈ సేవ హద్దును చూపిస్తాయి. 2024 ఏప్రిల్ 4న స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌పై చెల్సీ 4-3తో గెలిచిన మ్యాచ్ పత్రం తెరిస్తే, గోల్స్ వరుసలో పామర్ పేరు మూడుసార్లు ఉంటుంది. చివరి రెండింటి పక్కన 90+10, 90+11 అన్న అంకెలుంటాయి. 3-2తో వెనకబడి ఉన్న జట్టు, అదనపు సమయపు చివరి అంచున, రెండు నిమిషాల్లోపు రెండు గోల్స్‌తో గెలిచిందని ఆ అంకెలు చెబుతాయి. ఇంత ఉత్కంఠను ఇంత క్లుప్తంగా దాచుకున్న అంకెలు నాకు మరెక్కడా కనబడలేదు. దీనికి పదకొండు రోజుల తరువాత, ఏప్రిల్ 15న, ఎవర్టన్‌పై 6-0 గెలుపులో పామర్ నాలుగు గోల్స్ కొట్టాడు. మొదటి అరగంటలోనే ఎడమ కాలితో ఒకటి, తలతో ఒకటి, కుడి కాలితో ఒకటి. నాలుగోది పెనాల్టీ. ఆ పెనాల్టీకి ముందు నోని మదుయెకే, నికొలస్ జాక్సన్ ఇద్దరూ బంతి తమకే కావాలని పట్టుబట్టడం, కెప్టెన్ కోనర్ గాలహర్ కలగజేసుకుని బంతి తీసి పామర్‌కు ఇవ్వడం మ్యాచ్ చూసినవారందరికీ గుర్తుంటుంది. మ్యాచ్ పత్రంలో మాత్రం 64వ నిమిషం, పెనాల్టీ, అంతే. జట్టులో ఆ కుర్రాడి స్థానం ఏమిటో తేల్చి చెప్పిన ఆ నిమిషాన్ని తెలుసుకోవడానికి ఈ సేవ చాలదు, మ్యాచ్ చూడవలసిందే.

అసిస్టుల విషయంలో కొత్తగా ఈ సైటుకు వచ్చేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. గోల్‌గా మారిన పెనాల్టీని తెచ్చిపెట్టిన ఆటగాడికి సైతం ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ అసిస్టు లెక్కిస్తుంది. అధికారిక లెక్కలు అలా చేయవు. అందువల్ల గోల్ ముందున్న పెనాల్టీ పెట్టెలోకి బంతితో దూసుకెళ్లి ఫౌల్ సంపాదించే వింగర్ల లెక్క ఇక్కడ కాస్త ఎక్కువగా, అధికారిక సైటులో కాస్త తక్కువగా కనిపించవచ్చు. రెండు సైట్ల అంకెలు పక్కపక్కన పెట్టి ఒక ఆటగాడిని మరొకరితో పోల్చడం వ్యర్థం. ఒకే సైటులో ఉండి పోల్చుకుంటే ఇబ్బంది లేదు.

మార్కెట్ విలువ సంగతి కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఈ సేవకు పేరు తెచ్చిందీ అదే, దానిపై నాకున్న అభ్యంతరమూ అదే. ఈ విలువను ఏ యంత్ర సూత్రమూ లెక్కగట్టదు. నమోదైన సభ్యులు ఆటగాడి వయసు, ఫామ్, లీగు స్థాయి, ఒప్పందంలో మిగిలిన కాలం, గాయాల చరిత్ర వంటివాటిని చర్చించి అంకెలు సూచిస్తారు. బాధ్యులైన సంపాదకులు ఆ వాదనల బరువును బట్టి తుది అంకె నిర్ణయిస్తారు. సగటు తీసి చేతులు దులుపుకోరు. ఆ పద్ధతిని నేను గౌరవిస్తాను. పెద్ద లీగుల విలువలు ఏడాదికి కొన్నిసార్లు మాత్రమే మారతాయి కాబట్టి, ఒక్క మ్యాచ్‌తో అంకె ఎగిరిపడే ప్రమాదమూ తక్కువే. కానీ ఆ గ్రాఫు గీత ఆటగాడి ఎదుగుదలకు గుర్తు అనుకోవడం పొరపాటు. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల బదిలీ విపణి కుదేలవుతుందని భావించి ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ ప్రపంచవ్యాప్తంగా ఆటగాళ్ల విలువలను ఒక్కసారిగా 20 శాతం, 1998లో గాని ఆ తరువాత గాని పుట్టినవారికి 10 శాతం తగ్గించింది. ఆనాటి యువ ఇంగ్లిష్ ఆటగాళ్ల గ్రాఫుల్లో ఆ నెలలో కనిపించే దిగుడుకు వారి ఆటతో ఏ సంబంధమూ లేదు. మ్యాచ్‌లే జరగడం లేదు. ఆ సంగతి తెలియనివారు దాన్ని ఫామ్ కోల్పోవడంగా చదువుకుంటారు.

జేడన్ సాంచో పేజీ దీనికి మరింత స్పష్టమైన ఉదాహరణ. అతనూ సిటీ అకాడమీ కుర్రాడే. మొదటి జట్టులో అవకాశం కనిపించక 2017లో పదిహేడేళ్ల వయసులో జర్మన్ క్లబ్బు డార్ట్‌మండ్‌కు వెళ్లాడు. అక్కడ మ్యాచ్‌లు దొరికాయి, విలువ కొండలా పెరిగింది. 2021లో మాంచెస్టర్ యునైటెడ్ 7.3 కోట్ల పౌండ్లకు కొన్న తరువాత గీత కిందికి జారుతూనే వచ్చింది. గీత జారుతోందని గ్రాఫు చెబుతుంది. ఎందుకు జారిందో తెలుసుకోవాలంటే మళ్లీ మ్యాచ్‌ల పట్టికకే రావాలి, అక్కడ మధ్యలో ఖాళీగా ఉన్న వారాలను చూడాలి. నాకు ఈ సేవపై కలిగిన అభిప్రాయానికి మూలం ఇదే. జూడ్ బెల్లింగ్‌హామ్ పేజీ దీనికి ఎదురుగా నిలుస్తుంది. 2019 ఆగస్టులో పదహారేళ్ల 38 రోజుల వయసులో బర్మింగ్‌హామ్ సిటీ సీనియర్ జట్టులోకి వచ్చిన రోజు నుంచి డార్ట్‌మండ్ మీదుగా రియల్ మాడ్రిడ్ దాకా అతని నిమిషాల గడి నిండుగా ఉంటుంది. విలువ 18 కోట్ల యూరోల దాకా పెరగడం ఆ నిండుదనం వెంట నడిచిన ఫలితం మాత్రమే.

పామర్ దగ్గరికి మళ్లీ వస్తే, 2024 యూరో కప్పు పట్టిక నిమిషాల గడిని ఎలా చదవాలో మరో కోణంలో నేర్పుతుంది. ఆ టోర్నీలో అతను ఒక్క మ్యాచ్ కూడా ఆరంభం నుంచి ఆడలేదు. సెమీఫైనల్లో నెదర్లాండ్స్‌పై చివర్లో దిగి ఒలీ వాట్కిన్స్ కొట్టిన గెలుపు గోల్‌కు బంతి అందించాడు. జులై 14న బెర్లిన్‌లో స్పెయిన్‌తో ఫైనల్లో 70వ నిమిషంలో దిగి 73వ నిమిషంలో పెట్టె బయటి నుంచి గోల్ కొట్టి స్కోరు 1-1 చేశాడు. ఇంగ్లండ్ 2-1తో ఓడింది. దిగిన నిమిషం, గోల్ కొట్టిన నిమిషం రెండూ ఒకే పత్రంలో పక్కపక్కన ఉండడం వల్లనే ఈ మూడు నిమిషాల తేడా మన కంటపడుతుంది. తక్కువ నిమిషాలన్నీ ఒకే రకం కావు. సిటీలో చివర్లో దొరికిన నిమిషాలు గెలుపు ఖాయమైన మ్యాచ్‌లలో చాలాసార్లు దొరికినవి, ఇవి మాత్రం గెలుపు ఇంకా తేలని వేళ కోచ్ నమ్మి ఇచ్చినవి. ఏ నిమిషంలో స్కోరు ఎంతుందో పత్రంలో చూసి ఈ తేడా గుర్తించవచ్చు, కొంచెం ఓపిక ఉండాలి.

2024-25 సీజన్ ఇంకా ఆసక్తికరం. సెప్టెంబరు 28న బ్రైటన్‌పై మొదటి సగంలోనే నాలుగు గోల్స్ కొట్టాడు. ప్రీమియర్ లీగ్ చరిత్రలో అంతకుముందు ఎవరూ చేయని పని అది. ఆ తరువాత జనవరి నడుమ నుంచి మే 4న లివర్‌పూల్‌పై పెనాల్టీ కొట్టే దాకా క్లబ్బు తరఫున ఒక్క గోల్ కూడా లేదు. గోల్స్ గడి మాత్రమే చూస్తే ఆ నెలలు ఒక పతనంలా కనిపిస్తాయి. నిమిషాల గడి వేరే కథ చెబుతుంది: కోచ్ ఎంజో మరెస్కా అతన్ని పక్కన పెట్టలేదు, లీగ్ మ్యాచ్‌లలో ఆడిస్తూనే ఉన్నాడు. సీజన్ చివరికి లీగ్‌లో 15 గోల్స్, 8 అసిస్టులు నిలిచాయి. మే 28న వ్రోత్స్వాఫ్‌లో రియల్ బెటిస్‌తో కాన్ఫరెన్స్ లీగ్ ఫైనల్లో వెనకబడిన జట్టును రెండు అసిస్టులతో నిలబెట్టాడు. చెల్సీ 4-1తో గెలిచింది. ఇదే పోటీ లీగ్ దశలో అతని పేరు పక్కన ఏమీ ఉండదు, ఎందుకంటే భారం తగ్గించేందుకు క్లబ్బు అతన్ని ఆ దశకు నమోదు చేయనే లేదు. గాయమా, వేటా, విశ్రాంతా అన్నది పట్టికలోని ఖాళీ గడి దానంతటదే చెప్పదు. జులై 13న క్లబ్ ప్రపంచ కప్పు ఫైనల్లో పారిస్ సెయింట్ జర్మెయిన్‌పై రెండు గోల్స్, ఒక అసిస్టు, టోర్నీ ఉత్తమ ఆటగాడి పురస్కారం. అర్ధ సంవత్సరం క్రితం గోల్స్ గడి చూసి ఇతని పని అయిపోయిందని తీర్పు చెప్పినవారు నిమిషాల గడి కూడా చూసి ఉంటే బాగుండేది.

గాయాల పట్టిక ఈ సేవలో నేను తరచుగా తెరిచే మరో పుట. గాయం పేరు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, ఎన్ని రోజులు, ఎన్ని మ్యాచ్‌లు పోయాయి అన్నవి వరుసగా ఉంటాయి. పామర్ పేజీలో 2025 శరత్కాలం దాకా ఇది చాలా పలుచని పట్టిక. ఆ సెప్టెంబరులో గజ్జ గాయం మొదలై వారాల తరబడి ఆటకు దూరం చేసింది, అది తగ్గుతున్న దశలో ఇంట్లో కాలి వేలికి దెబ్బ తగిలి మరికొంత ఆలస్యమైంది. తేదీలు క్లబ్బు ప్రకటనల నుంచీ వార్తల నుంచీ సేకరించినవి కాబట్టి వాటిని వైద్య నివేదికలుగా చూడకూడదు. ఆటగాడు నొప్పితోనే ఆడిన మ్యాచ్‌లు ఇందులో ఉండవు. అంతవరకు గుర్తుంచుకుంటే ఈ పుట చాలా ఉపయోగకరం.

ఇక వాడకం గురించి. సేవ ఉచితం, ప్రకటనల మీద నడుస్తుంది, ధరలు యూరోల్లో ఉంటాయి కాబట్టి ఇంగ్లండ్ వార్తల్లోని పౌండ్లతో కలిపి చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. ఫోన్‌లో కంటే పెద్ద తెరపై పట్టికలు హాయిగా కనిపిస్తాయి. నిమిషాల గడి కోసం పట్టికను సమగ్ర రూపంలోకి మార్చుకోవాలి. ఎన్ని షాట్లు కొట్టాడు, ఎలాంటి చోట్ల నుంచి కొట్టాడు, ఎన్ని అవకాశాలు సృష్టించాడు అన్న ప్రశ్నలకు ఇక్కడ జవాబు దొరకదు; వాటికి విశ్లేషణ సైట్లు వేరే ఉన్నాయి. ఒక కుర్రాడు ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు ఆడాడన్న ప్రశ్నకు మాత్రం నేను మొదట వచ్చేది ఇక్కడికే, కొత్త పాఠకులకు నిస్సంకోచంగా సిఫార్సు చేసేదీ దీన్నే. పామర్ పేజీలో ఇకపై నేను చూడబోయేది గజ్జ గాయం తరువాతి మ్యాచ్‌లలో 90 అన్న అంకె ఎన్నిసార్లు వస్తుందో, 60 దగ్గర, 70 దగ్గర ఎన్నిసార్లు ఆగిపోతుందో. విలువ గ్రాఫు ఆ సంగతి కొన్ని నెలల తరువాత గాని చెప్పదు.